దవావ్ వెళ్తున్నారా? బయల్దేరే ముందు, దిగిన తర్వాత తెలిసి ఉండాల్సినవి

ఫిలిప్పీన్స్ దక్షిణ భాగంలో మిందనావ్ ద్వీపం మీద ఉన్న అతి పెద్ద నగరం దవావ్. 2020 జనాభా లెక్కల ప్రకారం 17 లక్షలకు పైగా మనుషులు, దాదాపు 2,440 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. అందులో సముద్రతీరం ఉంది, అరటితోటలు ఉన్నాయి, దేశంలోనే ఎత్తయిన అపో పర్వతం అంచు కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఊరి పేరు తెలిసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. 1976లో మొదలైన దవావ్ మెడికల్ స్కూల్ ఫౌండేషన్‌లో డాక్టరు చదువుకు మన పిల్లలు ఏళ్లుగా వెళ్తున్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలను, ఆ చుట్టుపక్కల దీవులు చూడాలనుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదటే చెప్పాల్సిన మాట ఒకటుంది. దవావ్‌ది రాజధాని మనీలా తీరు కాదు, పర్యాటకుల దీవి బొరకాయ్ తీరూ కాదు. ఇక్కడ నిబంధనలు గట్టివి, మనుషులు మెత్తనివాళ్లు. ఈ రెండూ మనసులో పెట్టుకుని వెళ్తే ఊరు మీకు ఎంతో ఆప్యాయంగా దగ్గరవుతుంది. రెండింట్లో ఏది మరిచినా ఇబ్బంది పడతారు.

1. రోజులు లెక్క వేసి, ఆ తర్వాతే టికెట్ కొనండి

2025 జూన్ 8 నుంచి భారతీయులు పర్యటన కోసం వీసా లేకుండా 14 రోజులు ఫిలిప్పీన్స్‌లో ఉండవచ్చు. ఈ 14 రోజులను అక్కడికి వెళ్లాక పొడిగించరు, ఇంకో రకం వీసాగా మార్చరు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరప్‌లోని షెంగెన్ దేశాలు, సింగపూర్, బ్రిటన్ వీటిలో దేనిదైనా చెల్లుబాటులో ఉన్న వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే 30 రోజులు ఉండనిస్తారు. అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా తోడుండి వంట చేసి పెడదామని వెళ్లే తల్లులు ఈ లెక్క ముందే చూసుకోవాలి. మీకు వర్తించే గడువు దాటి ఉండాలనుకుంటే ఇక్కడి నుంచే మామూలు వీసాకు దరఖాస్తు పెట్టుకోవడం తప్ప వేరే దారి వెతకొద్దు.

ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అడిగేవి ఇవీ: మీరు ఉండే గడువు దాటాక ఇంకా కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టు, తిరుగు టికెట్, బస కాగితం, ఖర్చులకు డబ్బుందని చూపే ఆధారం. పిల్లల గదిలో ఉంటున్నారా? అయితే వాళ్ల చిరునామా, ఫోన్ నంబరు, కాలేజీ గుర్తింపు కార్డు నకలు కాగితం మీద తీసి పెట్టుకోండి. ఫోన్‌లో ఉందిలే అని ఊరుకోకండి. అధికారి అడిగినప్పుడు చార్జింగ్ ఉండకపోవచ్చు, వైఫై దొరకకపోవచ్చు.

ఇంకో పని కూడా ఉంది. విమానం దిగడానికి ముందు 72 గంటల లోపల ఈట్రావెల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వివరాలు నింపాలి. క్యూఆర్ కోడ్ ఇస్తారు, దాన్ని ఫొటో తీసి దాచుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టమని అడిగే సైట్ ఏదైనా సరే నకిలీదని అర్థం. చిరునామా చివర డాట్ గవ్ డాట్ పీహెచ్ అని ఉందో లేదో చూసుకున్నాకే పాస్‌పోర్టు వివరాలు ఇవ్వండి.

2. ఏ దారిలో వెళ్లాలి

నా సలహా సింగపూర్ మీదుగా వెళ్లమనే. సింగపూర్ నుంచి దవావ్‌కు నేరుగా విమానం ఉంది. హైదరాబాద్ నుంచి, విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు విమానాలున్నాయి. ఇలా వెళ్తే ఇమిగ్రేషన్ దవావ్‌లోనే, ఆ చిన్న విమానాశ్రయంలో, ప్రశాంతంగా ముగుస్తుంది. మనీలా మీదుగా వెళ్తే అక్కడ దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, తరచుగా ఇంకో టెర్మినల్‌కు వెళ్లి దేశీయ విమానం ఎక్కాలి. మనీలా టెర్మినళ్లు పక్కపక్కన ఉండవు, మధ్యలో రోడ్డు రద్దీ ఉంటుంది. తప్పనిసరై ఆ దారిలో వెళ్లేవాళ్లు రెండు విమానాల మధ్య కనీసం ఐదు గంటలు ఉంచుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ సాయం అడగండి. నడవలేకే అడగాలని లేదు, దారి చూపే మనిషి తోడుంటారు.

గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

3. పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

దవావ్‌లో మనకు తెలిసిన ఎండాకాలం, వానాకాలం అనే విభజన కనిపించదు. ఏడాది పొడుగునా ఎండ, ఏడాది పొడుగునా సాయంత్రం జల్లు. గొడుగు, నీళ్లలో తడిసినా పాడవని చెప్పులు, పలుచని నూలు బట్టలు చాలు. మాల్స్‌లోనూ బస్సుల్లోనూ ఏసీ ఎముకలు కొరికేలా ఉంటుంది కాబట్టి ఒక శాలువా కూడా పెట్టుకోండి. కరెంటు మనలాగే 220 వోల్టులే గానీ ప్లగ్గులు వేరు, అక్కడ రెండు చదును పుల్లలవి వాడతారు. మన గుండ్రటి పుల్లలవి చాలాచోట్ల దూరవు. ఒక అడాప్టర్ కొనుక్కోండి.

మాంసంతో చేసిన పచ్చళ్లు పెట్టకండి. గోంగూర మటన్, చికెన్ పచ్చడి, ఎండు రొయ్యల పొడి, ఇవన్నీ పిల్లలకు ఇష్టమే, తెలుసు. కానీ మాంసం ఏ రూపంలో ఉన్నా అనుమతి లేకుండా దేశంలోకి తేనివ్వరు. పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చాక ఆ తనిఖీ ఇంకా గట్టిపడింది. విత్తనాలు, పచ్చి ఆకులు, మొక్కలు కూడా వద్దు. కంపెనీ సీలు ఉన్న కారం, పసుపు, సాంబారు పొడి, ఇంగువ, కరివేపాకు పొడి, మామిడికాయ పచ్చడి వంటివి సరిపోతాయి. వాటిని కూడా అడిగితే దాచకుండా చూపించండి.

అక్కడ దొరికేవి ఏమిటో తెలిస్తే పెట్టె బరువు సగం తగ్గుతుంది. దవావ్‌లోని పెద్ద బజారు బంకెరొహన్. అందులో వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు, బీరకాయలు, సొరకాయలు, మునగాకు, తూటికూర, కొబ్బరికాయలు, పచ్చి మామిడికాయలు అన్నీ ఉంటాయి. మునగాకును వాళ్లు మలుంగాయ్ అంటారు, కట్టలు కట్టలుగా అమ్ముతారు. కూరగాయల కోసం బెంగపడాల్సిన ఊరు కాదిది.

రోజూ వేసుకునే మందులు మొత్తం రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోండి. బీపీ, షుగరు మందులు అక్కడ వేరే పేర్లతో దొరుకుతాయి. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. డెంగీ ఉన్న ప్రాంతం కాబట్టి దోమల క్రీము తప్పనిసరి.

4. డబ్బు, ఫోను

అక్కడి డబ్బు పెసో, ఒక పెసో సుమారు రూపాయిన్నర. రూపాయి నోట్లు అక్కడ మార్చుకోవడం కష్టం. కొన్ని అమెరికన్ డాలర్లు, ఒక అంతర్జాతీయ డెబిట్ కార్డు పట్టుకెళ్లండి. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు సుమారు 250 పెసోలు కోసుకుంటుంది. అందుకని వెయ్యి వెయ్యి చొప్పున కాకుండా ఒక్కసారే ఎక్కువ తీసుకోండి. తీసిన వెంటనే సూపర్ మార్కెట్‌లో ఏదో ఒకటి కొని నోట్లు విడగొట్టుకోండి. జీప్నీ అనే చిన్న బస్సుల డ్రైవర్ల దగ్గర, పొద్దున్నే టాక్సీల్లో వెయ్యి పెసోల నోటుకు చిల్లర ఉండదు.

గ్లోబ్, స్మార్ట్, డిటో అనే మూడు కంపెనీల సిమ్‌లు దొరుకుతాయి. 2022 చట్టం ప్రకారం సిమ్‌ను పాస్‌పోర్టుతో నమోదు చేసుకోవాలి, పర్యాటకుల సిమ్ 30 రోజులు పనిచేస్తుంది. విమానాశ్రయంలోనే కొని, అక్కడి మనిషితోనే నమోదు చేయించుకోండి. ఆ ఫోన్‌లో కారు పిలిపించుకునే గ్రాబ్ యాప్ పెట్టుకుంటే కారు ఇబ్బంది తీరినట్టే.

5. ఊళ్లో తిరగడం

దవావ్ టాక్సీవాళ్లకు మంచి పేరుంది. మీటరు వేస్తారు, చిల్లర లెక్కకట్టి తిరిగిస్తారు. ఆ పేరు నిలబెట్టుకోవాలన్న తపన వాళ్లలో కనిపిస్తుంది. కాబట్టి ఎక్కీ ఎక్కగానే బేరం మొదలుపెట్టకండి, వాళ్లకు అది అవమానం. మీటరు మీద నమ్మకం ఉంచి, దిగేటప్పుడు పదో ఇరవయ్యో ఉంచేసుకోమంటే సంతోషిస్తారు.

జీప్నీ ఎక్కాలని సరదాగా ఉంటే తప్పక ఎక్కండి. బోర్డు మీద దారి రాసి ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెండు పొడుగు బల్లలు. డ్రైవరుకు దూరంగా కూర్చుంటే డబ్బులు పక్కవాళ్ల చేతికి ఇస్తూ "పలీహుగ్" అనండి. దయచేసి అని అర్థం. ఆ చిల్లర చేయి చేయి మారి ముందుకు వెళ్తుంది, మిగిలింది అలాగే వెనక్కి వస్తుంది. మీ చేతికి ఎవరి డబ్బులైనా వస్తే మీరూ అందించాలి. దిగాలనుకున్నప్పుడు "లుగార్ లాంగ్" అనండి, బండి ఆగుతుంది.

టాక్సీ కోసమైనా జీప్నీ కోసమైనా వరుస ఉంటే చివరికి వెళ్లి నిలబడండి. మాల్ ముందు సాయంత్రం వాన పడుతున్నా ఆ వరుస చెదరదు. అరవై దాటినవాళ్లకు, గర్భిణులకు, వికలాంగులకు వేరే వరుస ఉంటుంది. మీకు అర్హత ఉంటే మొహమాటపడకుండా అందులో నిలబడండి.

6. ఊరి కట్టుబాట్లు

ఈ భాగం శ్రద్ధగా చదవండి. దవావ్‌లో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం. 2002లో వచ్చిన ఈ స్థానిక చట్టాన్ని 2012లో ఇంకా బిగించి ఈ-సిగరెట్లను కూడా కలిపారు. రోడ్డు మీద, పార్కులో, హోటలు గుమ్మంలో, టాక్సీలో, ఎక్కడా కుదరదు. గుర్తు పెట్టిన కొన్ని చోట్ల మాత్రమే కాల్చుకోవచ్చు. పర్యాటకులకు తెలియదు కదా అని వదిలేయరు. గుట్కా, ఖైనీ నమిలి ఉమ్మే అలవాటున్న పెద్దమనిషి ఇంట్లో ఉంటే బయల్దేరకముందే మాట్లాడి ఒప్పించండి.

టపాసులు 2002 నుంచి నిషేధం. కొత్త సంవత్సరం రాత్రి కూడా ఎవరూ కాల్చరు. దీపావళికి పిల్లల దగ్గర ఉండేవాళ్లు దీపాలతో సరిపెట్టుకోండి. రాత్రి ఒంటిగంట దాటాక మద్యం అమ్మరు. పద్దెనిమిది నిండని పిల్లలు రాత్రి 10 తర్వాత పెద్దలు తోడులేకుండా రోడ్డు మీద ఉండకూడదు. నగరం నడిబొడ్డున వాహనాల వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదు. డ్రైవరును తొందరపెట్టి లాభం లేదు, ముందే బయల్దేరండి.

మాల్, హోటల్, బస్టాండ్ ఎక్కడికి వెళ్లినా సంచి తెరిచి చూపించాలి. రోడ్డు మార్గాన బయటి నుంచి నగరంలోకి వస్తుంటే సైనికుల చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి సామాను చూపించి మళ్లీ ఎక్కాలి. 2016 సెప్టెంబరు 2 రాత్రి రోహాస్ నైట్ మార్కెట్‌లో బాంబు పేలి 15 మంది చనిపోయారు. ఆ గాయం ఊరు మరవలేదు. తనిఖీ దగ్గర విసుక్కోవడం గానీ, బ్యాగులో బాంబు ఉందని సరదాకు అనడం గానీ చేయకండి, అలాంటి మాట అక్కడ నేరం. సైనికుల ఫొటోలు తీయకండి. గుర్తింపు పత్రం ఎప్పుడూ దగ్గరుంచుకోండి.

రాజకీయం గురించి ఒక మాట. రొద్రిగో దుతెర్తే ఇక్కడ రెండు దశాబ్దాలకు పైగా మేయరుగా చేసి, 2016 నుంచి 2022 వరకు దేశాధ్యక్షుడిగా ఉన్నారు. 2025 మార్చిలో ఆయన్ను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు తీసుకెళ్లారు. అక్కడ నిర్బంధంలో ఉండగానే మే నెలలో దవావ్ ఓటర్లు ఆయన్ను మళ్లీ మేయరుగా ఎన్నుకున్నారు. ఈ ఒక్క విషయంతో ఆ ఊరివాళ్ల మనసు అర్థమవుతుంది. డ్రగ్స్ మీద ఆయన సాగించిన పోరులో ప్రాణాలు పోగొట్టుకున్నవారి కుటుంబాలూ ఆ దేశంలోనే ఉన్నాయి. ఎవరైనా తమంతట తాము చెబితే వినండి. మీరై ఆయన్ను పొగడొద్దు, తిట్టొద్దు.

7. మనుషులతో మెలిగే తీరు

ఇక్కడి వాడుక భాష బిసాయా. తగాలొగ్, ఇంగ్లిష్ కూడా దాదాపు అందరికీ వచ్చు కాబట్టి మాట కలపడానికి భయం లేదు. అయినా పొద్దున "మాఆయోంగ్ బుంతగ్", ఏదైనా ఇస్తే "సలామత్", ధర అడగడానికి "తగ్‌పిలా నీ" ఈ మూడు మాటలు నేర్చుకుంటే ఎదుటివాళ్ల ముఖం వెలుగుతుంది. మీకంటే కాస్త పెద్దవాడైన మగవాణ్ని "కుయా", ఆడమనిషిని "ఆతె" అని పిలవండి. వరసపెట్టి పిలిచే అలవాటు మనకెటూ ఉంది కదా.

గొంతు తగ్గించండి. నా దృష్టిలో తెలుగువాళ్లు అక్కడ అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. మనం మామూలుగా మాట్లాడుకునే స్థాయి వాళ్లకు పోట్లాటలా వినిపిస్తుంది. స్పీకరు పెట్టి వీడియో కాల్ మాట్లాడటం, హోటల్లో సర్వరును కేకేసి పిలవడం, లెక్క తప్పైందని కౌంటరు దగ్గర గట్టిగా నిలదీయడం, ఇవి ఎదుటి మనిషిని నలుగురిలో సిగ్గుపడేలా చేస్తాయి. ఫిలిప్పీన్స్‌లో ఒక మనిషిని అందరి ముందూ చిన్నబుచ్చడం కంటే పెద్ద అమర్యాద లేదు. నిజంగా పొరపాటు జరిగితే పక్కకు పిలిచి, నవ్వుతూ, నెమ్మదిగా చెప్పండి. పని తప్పక అవుతుంది.

మన తల ఊపు వాళ్లకు అర్థం కాదు. అవునన్నట్టు మనం తల అటూ ఇటూ ఆడిస్తే కాదన్నామేమో అనుకుంటారు. నోటితో చెప్పండి. వాళ్లు కనుబొమలు పైకెత్తితే అవునని. పెదవులు ముందుకు చాచి ఒక దిక్కు చూపిస్తే అటువైపు ఉందని. చూపుడువేలు వంచి మనిషిని పిలవకండి, కుక్కను పిలిచినట్టవుతుంది. అరచేయి కిందికి పెట్టి వేళ్లు ఆడించి పిలవాలి.

వాళ్లు మొహం మీద కాదనరు. "చూద్దాం", "ప్రయత్నిస్తాను" అంటే చాలాసార్లు కుదరదనే అర్థం. ఇంటద్దె, కారు ఒప్పందం లాంటి విషయాల్లో ఇంకోసారి, వేరే రకంగా అడిగి ఖాయం చేసుకోండి. "ఎక్కడికి వెళ్తున్నారు?", "తిన్నారా?" అని దారినపోయేవాళ్లు అడిగితే అది పలకరింపే, ఆరా కాదు.

మనవాళ్లను "బుంబాయ్" అని పిలవడం వినిపించవచ్చు. పంజాబ్ నుంచి వెళ్లి మోటారు సైకిళ్ల మీద తిరుగుతూ చిన్న అప్పులిచ్చే వాళ్లు తరాలుగా అక్కడున్నారు. ఐదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వాళ్లది. పిల్లల్ని అల్లరి చేస్తే బుంబాయ్‌కి పట్టిస్తానని భయపెట్టే అలవాటు కూడా ఉంది. పిలిచినవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. ఇండియా నుంచి వచ్చామని, మన ఊరి పేరు చెప్పి, నవ్వి ఊరుకోండి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి, వట్టి చేతులతో మాత్రం వెళ్లకండి. హైదరాబాద్ బిస్కెట్ల పెట్టె గానీ, మిఠాయి గానీ చాలు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు చేయి చాపితే ఆ చేతిని వంగి మీ నుదుటికి తాకించుకోవాలి. మన పాదాభివందనం ఎంతటిదో వాళ్లకు ఇది అంతటిది. మీకంటే చిన్నవాళ్లు మీ చేయి అందుకుని అలాగే చేస్తే వెనక్కి లాక్కోకండి, దీవించండి. పాట పాడమని మైకు చేతికిస్తే ఏదో ఒక తెలుగు పాట పాడేయండి, రాగం తప్పినా చప్పట్లు కొడతారు.

8. తిండి: శాకాహారులు, మాంసాహారులు

శాకాహారులకు దవావ్‌లో హోటలు తిండి కష్టమే. కూరగాయల వంటకం అని పట్టికలో ఉన్నా అందులో పంది మాంసం ముక్కలు, ఎండు రొయ్యలు, పటిస్ అనే చేపరసం, బగూంగ్ అనే రొయ్యల ముద్ద, చికెన్ పొడి వీటిలో ఏదో ఒకటి పడుతుంది. పినక్బెత్ అనే వంకాయ-కాకర-గుమ్మడి కూర చూడగానే నోరూరుతుంది, కానీ దాని రుచంతా బగూంగ్‌దే. పెసలతో చేసే మోంగో కూర శుక్రవారాల్లో ఎక్కువగా వండుతారు, అందులోనూ పంది తోలు వేపుళ్లో చేపో వేస్తారు. "వెజిటేరియన్" అంటే మాంసం ముక్క లేకపోతే చాలనుకునేవాళ్లు ఉన్నారు. అందుకని ఒక్కొక్కటీ విడిగా చెప్పాలి: "వలాయ్ కర్నె, వలాయ్ ఇస్దా, వలాయ్ పటిస్, వలాయ్ బగూంగ్". మాంసం వద్దు, చేప వద్దు, పటిస్ వద్దు, బగూంగ్ వద్దు. ఇదే కాగితం మీద రాయించుకుని చూపిస్తే ఇంకా నయం.

భయం లేకుండా తినగలిగినవి కూడా ఉన్నాయి. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, అరటిపండును చక్కెరతో కలిపి వేయించి పుల్లకు గుచ్చిన బనానా క్యూ, అదే పండును పలుచని పొరలో చుట్టి వేయించిన తురోన్, కొబ్బరిపాలతో వండిన బంక బియ్యం పుతో మాయా. దీన్ని పొద్దున్నే వేడి చాక్లెట్‌తో, మామిడిపండు ముక్కతో తింటారు. దవావ్ వెళ్లి పుతో మాయా తినకుండా రాకండి. గుడ్డు తినేవాళ్లకు వంకాయ కాల్చి గుడ్డులో ముంచి వేసే తోర్తాంగ్ తలోంగ్ ఉంది. విద్యార్థుల పుణ్యమా అని భారతీయ భోజనశాలలూ దొరుకుతాయి, పిల్లల్ని అడిగితే ఏది బావుందో చెబుతారు.

మాంసాహారులకు ఇది పండగ ఊరు. బొగ్గుల మీద కాల్చిన ట్యూనా దవడ, దాన్ని పాంగా అంటారు, కాలమాన్సీ నిమ్మరసం, పచ్చిమిర్చి, సోయా కలిపిన రసంలో ముంచుకుని అన్నంతో తింటారు. కినిలావ్ అంటే పచ్చి చేపను వెనిగర్‌లో అల్లం, ఉల్లిపాయలతో నానబెట్టింది. పొయ్యి మీద పెట్టని వంటకం కాబట్టి కడుపు సున్నితమైనవాళ్లు రద్దీగా ఉండే మంచి చోటే తినండి. పంది మాంసం తిననివాళ్లు "బాబొయ్" అనే మాట గుర్తుపెట్టుకోవాలి, పంది అంటే అదే. ముస్లింలు గణనీయంగా ఉన్న నగరం కాబట్టి హలాల్ హోటళ్లకు కొదవ లేదు.

చెంచా, ఫోర్కుతో తినడం అక్కడి రివాజు. చేత్తో తినడమూ వాళ్ల సంప్రదాయమే, కొన్ని చోట్ల అరటాకు మీదే వడ్డిస్తారు. మీ పక్కన ఎవరైనా ఉండగా తినడం మొదలుపెడితే "రండి తిందాం" అని ఒక మాట అనాలి. వాళ్లు మిమ్మల్ని అన్నప్పుడు నిజంగా ఆకలి లేకపోతే నవ్వి, కృతజ్ఞతలు చెప్పండి.

ఇక దురియన్ పండు సంగతి. దవావ్ అంటేనే దురియన్, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రోడ్ల పక్కన కుప్పలుగా ఉంటుంది. వాసన ఘాటు. ముక్కు మూసుకుని "ఛీ" అనకండి, వాళ్లకు అది గర్వకారణం. పుయాత్ రకం అడిగి, అక్కడే కోయించుకుని, వేడి వేడి ఎండలో కాకుండా నీడన కూర్చుని ఒక తొన తినండి. వెన్నలా కరుగుతుంది. హోటలు గదిలోకి, టాక్సీలోకి, విమానంలోకి రానివ్వరు. మద్యంతో కలిపి తినొద్దని అక్కడివాళ్లే చెబుతారు. ఆ వాసన పడనివాళ్లకు మాంగోస్టీన్, పంపరపనస, మరాంగ్ ఉన్నాయి.

9. చూడదగ్గవి, వాటి మర్యాదలు

మలగోస్‌లోని ఫిలిప్పీన్ ఈగిల్ సెంటర్‌కు ఒక పూట కేటాయించండి. ప్రపంచంలోని అతి పెద్ద గద్దల్లో ఒకటైన ఆ పక్షి అంతరించే దశలో ఉంది. 1992లో మనుషుల సంరక్షణలో పుట్టిన మొదటి పిల్లకు పగ్ ఆసా, అంటే ఆశ, అని పేరు పెట్టారు. అది 2021లో చనిపోయింది. లోపల అరవకండి, ఫ్లాష్ వాడకండి, ఈలలు వేయకండి. తిరుగు దారిలో ఆ చుట్టుపక్కల కోకో తోటల చాక్లెట్ కొనుక్కోండి. 2021లో చట్టం చేసి మరీ దవావ్‌ను దేశపు చాక్లెట్ రాజధానిగా ప్రకటించారు.

సమాల్ దీవికి ససా రేవు నుంచి బల్లకట్టు లాంటి పెద్ద పడవ పది, పదిహేను నిమిషాల్లో చేరుస్తుంది. తీరాలే కాక అక్కడ మోన్‌ఫోర్ట్ గుహలో లక్షల గబ్బిలాలు వేలాడుతుంటాయి. గుహలోకి దిగనివ్వరు, అంచు నుంచి చూడాలి. 2,954 మీటర్ల అపో పర్వతం ఎక్కాలంటే అనుమతి, గైడు, రెండు మూడు రోజుల సమయం, మంచి ఆరోగ్యం కావాలి. పర్యటన మధ్యలో ఒక రోజు పెట్టుకుని ఎక్కే కొండ కాదు. బగోబో వంటి తెగలకు అది పవిత్రస్థలం.

వీలైతే ఆగస్టు మూడో వారంలో వెళ్లండి. అప్పుడు కదయావన్ జరుగుతుంది. పంట చేతికొచ్చిన సంతోషంతో, నగరంలోని పదకొండు తెగలను గౌరవిస్తూ చేసే పండగ. పూల రథాల ఊరేగింపు, వీధి నృత్యాలు చూడటానికి రెండు కళ్లూ చాలవు. తెగల వాళ్ల దుస్తులు వేషాలు కావు, ఒక్కో నేత వెనుక ఒక్కో కుటుంబం ఉంది. ఫొటోకు ముందు అడగండి. గదులు నెలల ముందే నిండిపోతాయి, అది గుర్తుంచుకోండి.

10. ఆపద వస్తే

911కు ఫోన్ చేయండి. దవావ్‌లో ఈ సేవ 2002 నుంచే ఉంది. అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు అన్నీ దానికే. తుపాన్లు ఈ నగరాన్ని తాకడం అరుదు గానీ భూకంపాల ప్రాంతం. 2025 అక్టోబరు 10న పక్కనున్న దవావ్ ఓరియెంటల్ తీరంలో 7.4 తీవ్రతతో వచ్చింది. గదిలో దిగిన రోజే మెట్లు ఎటున్నాయో చూసుకోండి. ఊగడం మొదలైతే బల్ల కింద దూరి తల కాచుకోండి, లిఫ్ట్ వైపు పరుగెత్తకండి. సముద్రతీరంలో ఉండగా గట్టిగా కంపిస్తే సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లండి.

మిందనావ్‌లో అన్ని ప్రాంతాలూ దవావ్ లాంటివి కావు. పశ్చిమ మిందనావ్, సులు దీవుల వైపు భద్రత వేరు. స్నేహితులు పిలిచారని అక్కడికి బస్సెక్కకండి. పిల్లలకు కూడా ఇదే గట్టిగా చెప్పండి.

11. తిరుగు ప్రయాణం

పండ్లు మోసుకురావద్దు, మన విమానాశ్రయంలో ఆపేస్తారు. దురియన్ మిఠాయిలు, చాక్లెట్లు, ఎండబెట్టిన మామిడి ముక్కలు తేవచ్చు. దురియన్ మిఠాయిని రెండు సంచుల్లో చుట్టి చెక్‌ఇన్ పెట్టెలో పెట్టండి. బగోబో వాళ్ల ఇనబల్, మందాయా వాళ్ల దగ్మాయ్ నేతలు దొరికితే నేసినవాళ్ల దగ్గరే, అడిగిన ధరకే కొనండి. నెలల పని అది. వీసా లేకుండా వచ్చిన 14 రోజుల్లో చివరి రోజుకు టికెట్ పెట్టుకోకుండా ఒక రోజు ముందే బయల్దేరేలా చూసుకోండి. విమానం రద్దయితే గడువు దాటిన లెక్క మీ మీద పడుతుంది.